మేం చెయ్యని ఫోన్లు

జనాన్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని మాది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో రిక్రూటర్ అని, టాలెంట్ అక్విజిషన్ అని, హెచ్ఆర్ అని రకరకాల పేర్లతో మమ్మల్ని పిలుస్తారు. కంపెనీలో పనిచేసే ఉద్యోగి ఒకరు తనకు తెలిసిన మనిషి రెజ్యూమె పెట్టి, "ఈ అబ్బాయి బాగా చేస్తాడు, ఒకసారి మాట్లాడండి" అంటే, ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యాల్సింది మేం. మా వృత్తిలో ఇంతకంటే తేలికైన పని ఇంకొకటి లేదు. ఆ పనిలోనే మేం దారుణంగా విఫలమయ్యాం. ఇది ఫలానా కంపెనీ లోపమని, ఫలానా మేనేజరు నిర్వాకమని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. ఈ పని నేర్చుకున్నవాళ్ళం, తర్వాతివాళ్ళకు నేర్పినవాళ్ళం, టార్గెట్లు పెట్టినవాళ్ళం, ఆ టార్గెట్లకు తలొగ్గినవాళ్ళం అందరం కలిసి దీన్ని అలవాటుగా మార్చుకున్నాం. ఆ అందరిలో నేనూ ఉన్నాను. ఉన్నాను కాబట్టే ఇది రాయాల్సి వస్తోంది.

రెఫరల్ ఎలా నడుస్తుందో బయటివాళ్ళకు పూర్తిగా తెలియదు. ఒక పోస్టు ఖాళీ అవగానే కంపెనీ లోపలి పోర్టల్లో పెడతాం. ఉద్యోగులందరికీ మెయిల్ వెళ్తుంది: మీకు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, చేరితే మీకింత బోనస్ అని. చేరిన మనిషి మూడు నెలలో ఆరు నెలలో నిలబడితే ఆ బోనస్ జీతంతో కలిసి పడుతుంది. ఇందులో కంపెనీ లాభం చిన్నదేమీ కాదు. బయటి కన్సల్టెన్సీ ద్వారా మనిషిని తెచ్చుకుంటే సంవత్సర జీతంలో 8.33 శాతం, అంటే నిండా ఒక నెల జీతం కట్టడం మన దగ్గర మామూలు లెక్క. పెద్ద పోస్టులకు అంతకంటే ఎక్కువ. రెఫరల్ బోనస్ దానితో పోలిస్తే చాలా తక్కువ. పైగా తెలిసినవాళ్ళున్న చోట చేరిన మనిషి త్వరగా మానెయ్యడని యాజమాన్యాల నమ్మకం. అందుకే ఏడాది మొదట్లో పెద్ద మీటింగుల్లో మేం స్లైడ్లు వేసి చెబుతాం, ఈసారి చేరికల్లో ఇంత భాగం రెఫరల్స్ నుంచే తేవాలని. పేర్లు అడిగేది మేమే. బతిమాలి, పోటీలు పెట్టి, గిఫ్ట్ కూపన్లిచ్చి మరీ అడుగుతాం. అడిగి తెచ్చుకున్న పేర్లకే జవాబు చెప్పం.

మాకు ఆ పేరు పోర్టల్లో ఒక వరస మాత్రమే. పేరు, ఫోన్ నంబరు, అనుభవం, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్ పీరియడ్, చివరి గడిలో స్టేటస్. ఆ వరస వెనక జరిగిందేమిటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక ఉద్యోగి ఎవరికో ఫోన్ చేసి, "మా దగ్గర ఓపెనింగ్ ఉందిరా, నీ రెజ్యూమె పంపు, నేను పెడతాను" అన్నాడు. అన్న క్షణం నుంచి అతని మాట పూచీ పడింది. అవతలివాడు బాబాయి కొడుకు కావచ్చు, కాలేజీలో జూనియర్ కావచ్చు, పాత కంపెనీలో పక్క సీటువాడు కావచ్చు. వాళ్ళ ఇంట్లో ఆ రాత్రే మాట వచ్చి ఉంటుంది, ఫలానావాడు హైదరాబాదులో చెప్పి పెడతానన్నాడని. వారం గడుస్తుంది. నెల గడుస్తుంది. మా దగ్గర్నుంచి ఫోన్ రాదు. సంక్రాంతికి ఊరెళ్ళిన ఉద్యోగిని వాళ్ళమ్మే అడుగుతుంది: "పిన్నిగారి అబ్బాయి సంగతి ఏం చేశావురా, పాపం రోజూ ఎదురుచూస్తున్నాడట." కనుక్కుంటానంటాడు. తిరిగి వచ్చి మాకు మెసేజ్ పెడతాడు. మేం చూసి ఊరుకుంటాం. చివరికి ఊళ్ళో అనుకునేది ఒకటే, వీడు గట్టిగా ప్రయత్నించలేదని, కావాలనే తప్పించుకున్నాడని. మా మౌనానికి అతని మాట పోతుంది. అతని మాట ఎక్కడ ఎలా పోయిందో మాకు తెలియను కూడా తెలియదు.

ఉద్యోగాలు ఇలా మాట మీద నడవడం మన దేశపు జాడ్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రపంచమంతా ఇలాగే నడుస్తుంది. అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగాలు మారిన వృత్తినిపుణులను, మేనేజర్లను అడిగి చూశాడు. సగానికి మించి, దాదాపు 56 శాతం మంది, తెలిసినవాళ్ళ ద్వారానే కొత్త ఉద్యోగం దొరికిందన్నారు. 1973లో ఆయన రాసిన వ్యాసం, 1974లో వచ్చిన పుస్తకం ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి. పని గురించిన కబురు ఎక్కువగా మోసుకొచ్చింది రోజూ కలిసే ప్రాణస్నేహితులు కాదు, అప్పుడప్పుడూ కలిసే పరిచయస్థులు. ఎందుకంటే మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది. దూరపు పరిచయమే కొత్త చోటి కబురు తెస్తుంది. మా చదువుల్లో ఇదంతా నేర్చుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. పనిలోకి వచ్చాక మాత్రం సరిగ్గా దానికి ఎదురు పోయాం. దగ్గరివాళ్ళ పేర్లకు పరుగెత్తాం, దూరపు పేర్లను అలాగే వదిలేశాం.

మా నేరాల్లో మొదటిది మౌనం. పోర్టల్లో 'పరిశీలనలో ఉంది' అని ఒక స్టేటస్ ఉంటుంది. రెజ్యూమె పడగానే కంప్యూటరే ఆ మాట వేస్తుంది. అది వేయడానికి ఎవరూ దేన్నీ పరిశీలించనక్కరలేదు. ఆ తర్వాత ఆ పోస్టుకు ఏం జరిగిందో మాకు తెలుసు. బడ్జెట్ ఆగిపోయి పోస్టు హోల్డ్‌లో పడి ఉండొచ్చు. లోపలి మనిషినే ఆ సీటుకు మార్చి ఉండొచ్చు. హైరింగ్ మేనేజర్ ముందే ఒకరిని అనుకుని, లెక్క కోసం పోస్టు పెట్టించి ఉండొచ్చు. వచ్చిన మనిషి అడిగిన జీతం మా పరిధి దాటి ఉండొచ్చు. వీటిలో ఏదైనా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. చెప్పం. చెప్పకపోగా ఆ పేరును పక్కన దాచుకుంటాం, ఎంపికైనవాడు చేరకపోతే అక్కరకొస్తుందని. మా భాషలో దాన్ని బ్యాకప్ అంటాం. అవతల ఆ మనిషి ఇంకో ఆఫర్ చేతిలో పెట్టుకుని, మా కంపెనీ మీద ఆశతో జవాబివ్వకుండా గడువు సాగదీస్తూ ఉంటాడు. మా చేతిలో ఉన్న నిజం అతని చేతికి చేరితే అతని నిర్ణయం మారేది. మా సౌకర్యం కోసం ఆ నిజాన్ని తొక్కిపెట్టాం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒకసారి రెఫరల్‌గా పడిన పేరు కొన్ని నెలలపాటు ఆ ఉద్యోగి ఖాతాలోనే ఉంటుంది. ఆ లోపల అదే మనిషి కంపెనీ వెబ్‌సైటులో సొంతంగా దరఖాస్తు పెట్టుకున్నా, ఇంకొకరు మళ్ళీ రెఫర్ చేసినా, 'డూప్లికేట్' అని పక్కకు పోతుంది. బోనస్ ఎవరికివ్వాలన్న తగాదా రాకుండా పెట్టుకున్న నియమం అది. అంటే మేం ఫోన్ చెయ్యని మనిషికి మిగతా దారులూ మేమే మూసేశాం. ఎవరి సాయమూ తీసుకోకుండా దరఖాస్తు పెట్టుకుని ఉంటే కనీసం మామూలు వరుసలో ఉండేవాడు. సాయం చెయ్యబోయిన మిత్రుడి వల్ల దానికీ కాకుండా పోయాడు. ఈ సంగతి రెఫర్ చేసేవాళ్ళకు ముందుగా చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

రెండో నేరం మొదటిదానికంటే బరువైనది. మేం ఎవరికీ ఫోన్ చెయ్యకపోయి ఉంటే అది సోమరితనం అయ్యేది. కొందరికి చేశాం, అదీ ఆ పూటే. డైరెక్టరుగారు పంపిన పేరయితే సాయంత్రంలోగా ఫోన్ వెళ్ళింది. వైస్ ప్రెసిడెంటుగారి మనిషి అయితే ఇంటర్వ్యూ ప్యానెల్లో ఎవరుండాలో కూడా ఆలోచించి పెట్టాం. టెస్టింగ్ టీమ్‌లో రెండేళ్ళ అనుభవమున్న అమ్మాయి పంపిన పేరు అదే పోస్టుకు, అదే అర్హతతో అలాగే పడి ఉంది. మేం పిలిచింది రెజ్యూమెలోని మనిషిని చూసి కాదు. పంపినవాళ్ళ కుర్చీని చూసి. ఎవరి మెయిలుకు జవాబివ్వకపోతే మా అప్రైజల్‌కు ముప్పో వాళ్ళ మనుషులకు ఫోన్లు చేశాం. ఎవరిని పట్టించుకోకపోయినా మాకేమీ కాదో వాళ్ళను పట్టించుకోలేదు. కంపెనీలో చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్ళ మాటకు చిన్న విలువ కట్టాం. ఆ చిన్న విలువను వాళ్ళ చుట్టాలకు, స్నేహితులకు కూడా అంటగట్టాం.

అంతకంటే కిందివాళ్ళకు మా పోర్టల్లో చోటే లేదు. ఒక ఆఫీసులో ఫ్లోర్లు శుభ్రం చేసే ఒకావిడ ప్యాంట్రీ దగ్గర మా రిక్రూటర్ ఒకరిని ఆపింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన రెండు పేజీల రెజ్యూమె తీసి ఇచ్చింది. "మా పోరడు బీటెక్ అయిపోయిండు సార్. ఈ కాయితం జర సూడుండ్రి" అంది. జిరాక్సు షాపులో తీయించిన ప్రింటు అది. పైన పాస్‌పోర్టు సైజు ఫొటో అతికించి ఉంది. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, తెలిసిన భాషలు. అన్నిటికంటే కింద, పైన రాసినవన్నీ నిజమని డిక్లరేషన్, దాని పక్కన నీలి ఇంకుతో పొందికైన సంతకం. మన చిన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో నేర్పే పద్ధతే అది. మా వాళ్ళు ఆ పద్ధతిని చూడగానే పేజీ తిప్పేస్తారు. "ఎవరైనా ఎంప్లాయీతో పోర్టల్లో పెట్టించమ్మా" అని జవాబొచ్చింది. "అదేడ ఉంటది సార్?" అని అడిగిందావిడ. ఆవిడ పనిచేసేది ఆ భవనంలోనే. ఉద్యోగుల కంటే ముందొచ్చి, ఉద్యోగుల తర్వాత వెళ్తుంది. కానీ జీతమిచ్చేది కాంట్రాక్టరు కాబట్టి మా లెక్కలో ఉద్యోగి కాదు. మెడలో కార్డు రంగు వేరు, పోర్టల్‌కు లాగిన్ లేదు. కాయితం అయితే తీసుకున్నారు. అది సొరుగులోకి వెళ్ళింది, సీట్లు మారినప్పుడు పాత కాయితాలతో పాటు ష్రెడ్డర్లోకి వెళ్ళింది. ఆ అబ్బాయికి కోడింగ్ వచ్చో రాదో ఎవరూ చూడలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్ళమో ఆలోచిస్తే తల దించుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ రోజు ప్యాంట్రీలో ఉన్న మిగతావాళ్ళం కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

మూడో నేరం మేం చేసిన ఫోన్లలోనే ఉంది. చాలాసార్లు తన పేరు ఎవరో ఇచ్చారని కూడా అవతలి మనిషికి తెలియదు. ఎప్పుడో వాట్సాప్ గ్రూపులో పెట్టిన రెజ్యూమెను బోనస్ కోసం ఎవరో తీసి పోర్టల్లో వేస్తారు. మేం మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేస్తాం. అవతల ఆయన తన మేనేజరు పక్కనే కూర్చుని ఉంటాడు. కంపెనీ పేరు చెప్పి, ఉద్యోగం మారే ఆలోచన ఉందా అని గట్టిగా అడిగేస్తాం. ఆయన రాంగ్ నంబర్ అని పెట్టేస్తే, ఆసక్తి లేదని రాసుకుంటాం. ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా అని ముందు ఒక మెసేజ్ పెడితే సరిపోయేది. ఒకరి ఫోన్ నంబరు, జీతం, పనిచేసిన చరిత్ర వాళ్ళ అనుమతి లేకుండా చేతులు మారకూడదని చెప్పే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం రాకముందే మాకు ఆ మర్యాద తెలిసి ఉండాల్సింది. ఆయన వివరాలు మా దగ్గరకు వచ్చాయంటే ఆయన బతుకుతెరువు కొంత మా చేతిలోకి వచ్చినట్టే. దాన్ని నలుగురిలో పెట్టే హక్కు మాకెవరిచ్చారు?

ఇక నాలుగోది. రాయడానికి చెయ్యి వెనక్కి లాగుతున్నది ఇదే, అందుకే దీన్ని వదలకూడదు. ఫోన్ చేసిన మొదటి రెండు నిమిషాల్లో మా వాళ్ళు అడిగే ప్రశ్నలు వినండి. "ఏ ఊరు మీది? నాన్నగారేం చేస్తారు? ఇంటిపేరేంటి, ఇక్కడ ఇనిషియల్ మాత్రమే ఉంది?" మనసు విప్పి మాట్లాడించడానికి అడుగుతున్నామని మాకు మేం చెప్పుకుంటాం. తెలుగునాట ఇంటిపేరు, ఊరు కలిస్తే సగం కులం తెలిసిపోతుందని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. అవతలి గొంతులో ఆ క్షణం వచ్చే తడబాటును విని కూడా విననట్టు ఊరుకున్నాం. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లిషు పత్రికల్లో ప్రైవేటు కంపెనీలు వేసిన ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అగ్రవర్ణ హిందూ పేరుకు పిలుపు రావడాన్ని 1 అనుకుంటే, అవకాశాల నిష్పత్తి దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 మాత్రమే. అదే పత్రికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాశారు. ప్రతిభే కొలమానమని గట్టిగా చెప్పే మేనేజర్లే ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం గురించి తప్పకుండా అడుగుతారని అందులో తేలింది. అప్పట్లో మాలో చాలామంది అది ఢిల్లీ సంగతి అనుకున్నారు. మన ఫోన్ కాల్స్ ఎవరైనా రికార్డు చేసి వినిపిస్తే ఆ మాట అనగలిగేవాళ్ళం కాదు.

మేం ఏమీ అడగకపోయినా రెఫరల్ తనంతట తానే ఇలా మనుషులను వడపోస్తుంది. కంపెనీలో ముందుగా చేరినవాళ్ళు ఏ కాలేజీ, ఏ జిల్లా, ఏ కులం వాళ్ళయితే, వాళ్ళు చెప్పే పేర్లూ ఆ గీతల వెంటే వస్తాయి. చెప్పేవాడికి దురుద్దేశం ఉండనక్కరలేదు, అతనికి తెలిసినవాళ్ళు వాళ్ళే. అమెరికాలో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ ఈ ప్రమాదాన్ని తన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒకే వర్గంవాళ్ళయి, వాళ్ళ నోటిమాట మీదనే మనుషులను తీసుకుంటూ, కొత్తగా చేరేవాళ్ళూ దాదాపుగా ఆ వర్గమే అయితే చట్టాన్ని ఉల్లంఘించినట్టు కావచ్చని. ఆ దేశంలో పనిచేస్తున్న మన తెలుగువాళ్ళు ఏటా ఆన్‌లైన్ శిక్షణలో ఇలాంటివి చదివి సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇక్కడ అదే కంపెనీల ఆఫీసుల్లో కూర్చున్న మేం మాత్రం వరసగా ఒకే కాలేజీ పేర్లు వస్తుంటే సంతోషించాం, టీమ్ బాగా కలిసిపోతుందని.

మన దేశంలో దీని గురించి ఆలోచించినవాళ్ళు లేకపోలేదు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, కులం, లింగం, పుట్టిన చోటు, వంశం చూసి వివక్ష చూపకూడదంది. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959లో చట్టం వచ్చింది. 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలను కూడా అది తన పరిధిలోకి తెచ్చింది. ఎక్స్ఛేంజీ పంపినవాళ్ళనే తీసుకోవాలనలేదు, ఖాళీ ఉన్న సంగతి దాచకూడదంది. ఆ తర్వాత కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఎక్స్ఛేంజీ పంపిన పేర్లొక్కటే చూస్తే సరిపోదు, పత్రికల్లో ప్రకటించాలి, నోటీసు బోర్డులో పెట్టాలి, రేడియోలో టీవీలో చెప్పాలి, వచ్చిన అందరినీ చూడాలి అంది. మన కృష్ణా జిల్లా వాళ్ళు కోర్టుకెళ్తే దేశమంతటికీ వచ్చిన తీర్పు అది. ఒక జాబితాలో పేరున్నవాళ్ళకే తలుపు తీయడం అన్యాయమని అప్పుడే తేలింది. ప్రైవేటు కంపెనీలమని, ఆ తీర్పు మాకు వర్తించదని మేం చట్టపరంగా చెప్పవచ్చు. అందులోని న్యాయం మాకు వర్తించదని మాత్రం ఎలా చెప్పగలం?

ఈ వైఫల్యం ఖరీదు మా ఆఫీసు గోడల దగ్గర ఆగలేదు. తలుపు తట్టినవాళ్ళకు లోపల్నుంచి జవాబు రాకపోతే తలుపు బయట బ్రోకర్లు చేరతారు. అమీర్‌పేటలో కోర్సులు పూర్తి చేసి, హాస్టల్ గదుల్లో ఉంటూ, కనపడిన ప్రతి సీనియర్‌నూ "అన్నా, రెఫరల్ ఉందా" అని అడిగి అలిసిపోయిన పిల్లల దగ్గరికి, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తామనేవాళ్ళు వస్తారు. లోపల మాకు మనుషులున్నారంటారు. పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే లోపల మనుషులుంటేనే పనవుతుందని వాళ్ళకు నేర్పింది మేమే. ఊళ్ళో అప్పు తెచ్చి, అమ్మ మెడలోది కుదువ పెట్టి లక్షలు కడతారు. కొన్నాళ్ళకు మాదాపూర్‌లో ఫలానా సంస్థ బోర్డు తిప్పేసిందని, బాధితులు పోలీసుస్టేషన్ ముందు ధర్నా చేశారని పేపర్లో వస్తుంది. ఇలాంటి వార్త మన నగరానికి కొత్త కాదు. పిల్లల అత్యాశ అని మేం క్యాంటీన్లో వ్యాఖ్యానించుకున్నాం. ఇంకొందరు దొంగ అనుభవ పత్రాలతో వస్తే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుకుని బ్లాక్‌లిస్టులో పెట్టాం. అబద్ధమాడటం వాళ్ళ తప్పే. ముందుదారిలో పిలిస్తే పలికేవాళ్ళు ఉండి ఉంటే ఎంతమంది దొడ్డిదారి వెతుక్కునేవాళ్ళో అన్న ప్రశ్న మాకు మేం వేసుకోలేదు.

మా దగ్గర సాకులకు కొరత లేదు. రెజ్యూమెలు కుప్పలుగా వస్తాయంటాం. నిజమే. అయితే రెఫరల్స్ ఆ కుప్పలో చిన్న భాగం, పైగా మేం అడిగితే వచ్చినవి. కారణం చెబితే గొడవ పడతారని, లాయరు నోటీసు పంపుతారని అంటాం. పోస్టు ఆగిపోయిందని చెప్పినందుకు నోటీసు పంపిన మనిషి ఎక్కడా కనబడలేదు. కాదని చెప్పడానికి మనసు రాదంటాం. కాదన్న మాట విని ఒక రోజు బాధపడి ఇంకో పని చూసుకుంటారు. ఏ మాటా వినకపోతే నెలల తరబడి తమలోనే లోపం వెతుక్కుంటారు. మనసున్నవాళ్ళు చేసే పని కాదది. చివరి సాకు మా మీద ఉండే ఒత్తిడి. ఎన్ని పోస్టులు నింపామనే మాకు మార్కులు. ఎంతమందికి జవాబు చెప్పామని ఎవరూ అడగరు. ఇది కూడా నిజమే. అయితే ఆ మార్కుల పట్టిక తయారైన గదిలో మేమూ ఉన్నాం. నాయకత్వం అడిగినప్పుడు, జవాబు చెప్పడాన్ని కూడా కొలవండి అని అనలేదు. అలా అంటే ఆ లెక్కలో మేం ఫెయిలవుతామని మాకు తెలుసు.

ఏం చెయ్యాలో కనిపెట్టడానికి కమిటీ అక్కర్లేదు. రెఫరల్‌గా పేరు పడిన వారం లోపల ఆ మనిషికి మెసేజ్ వెళ్ళాలి, మనిషి రాసినట్టుండాలి. "నమస్తే అండీ, మా దగ్గర పనిచేసే ఫలానా వారు మీ పేరు చెప్పారు. ఈ పోస్టు గురించి మీతో మాట్లాడాలని ఉంది. మీ వివరాలు మేం చూడటం మీకు ఇష్టమేనా? మీకు వీలైన సమయం చెబితే అప్పుడే ఫోన్ చేస్తాను." ఇంతే. ఆ మనిషి సరేనంటేనే ముందుకు వెళ్ళాలి. ఏ దశలో ఆగిపోయినా, ఎందుకు ఆగిందో ఒక వాక్యం అదే రోజు ఆ మనిషికీ, రెఫర్ చేసిన ఉద్యోగికీ చేరాలి. పేరు పంపిందెవరో, వాళ్ళ హోదా ఏమిటో మొదటి వడపోతలో మాకు కనపడకూడదు. ఇంటిపేరు, ఊరు, తండ్రి వృత్తి అడగడం ఆపెయ్యాలి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీన్ సిబ్బంది చెప్పే పేర్లకు కూడా అదే దారి ఉండాలి. పోర్టల్లో పెట్టే ప్రతి పోస్టూ అదే రోజు బయటివాళ్ళకూ కనబడాలి, ఎవరూ తెలియనివాళ్ళు ఎవరినీ బతిమాలకుండా దరఖాస్తు పెట్టుకునేలా. డూప్లికేట్ నియమంతో ఎవరి దారీ మూసుకుపోకూడదు. వీటిలో ఒక్కదానికీ కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. అందుకే ఇన్నాళ్ళు చెయ్యకపోవడానికి మాకు ఏ మినహాయింపూ లేదు.

ఇంతవరకూ చదివి, మాకు ఉద్యోగం రానిది ప్రతిభ లేకే కాబోలు అనుకుంటూ వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఒక మాట. మీలో కొందరికి ఆ పోస్టుకు తగిన అర్హత లేకపోయి ఉండవచ్చు. చాలామంది విషయంలో అది తేలనే లేదు, ఎందుకంటే మేం మిమ్మల్ని చూడలేదు. చూడనివాళ్ళ మౌనాన్ని మీ మీద తీర్పుగా తీసుకోవద్దు. మీ కోసం మాట సాయం చేసిన అన్నను, అక్కను, మిత్రుణ్ణి కూడా తప్పు పట్టవద్దు. వాళ్ళు తమ మాటను మా చేతుల్లో పెట్టారు. నిలబెట్టాల్సింది మేం.

నా తోటి రిక్రూటర్లకు చెప్పేది కూడా ఉంది. రేపు ఉదయం కొత్త రెజ్యూమెలు తెరవక ముందు, 'పరిశీలనలో ఉంది' అని నెలల తరబడి పడి ఉన్న పేర్లు తెరుద్దాం. ఆ పోస్టులు చాలావరకు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. అయినా ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దాం. ఆలస్యానికి ముందు క్షమాపణ చెబుదాం, తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెబుదాం. కొందరు కోప్పడతారు. ఆ కోపాన్ని పూర్తిగా విందాం, అది న్యాయమైన కోపం. ఆ తర్వాత వాళ్ళ పేరు చెప్పిన ఉద్యోగుల దగ్గరికి వెళ్ళి, మీ మాట పోగొట్టింది మేమేనని వాళ్ళ ఎదురుగా ఒప్పుకుందాం. అలా ఒప్పుకోకుండా ఇంకో రెఫరల్ అడిగే అర్హత మాకు లేదు.